ఒకే చేతిరాతలో అరవై రెండు కార్డులు

నా ఉద్యోగ జీవితంలో ఒక మనిషిని మోసగాడని కాగితం మీద రాసి, కింద ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టాను. అతను మోసగాడు కాడు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. చివరిదాకా దాచి మిమ్మల్ని ఆశ్చర్యపరిచి, ఆ ఆశ్చర్యం చాటున నా తప్పును చిన్నది చేసుకునే తెలివి నాకు లేకపోలేదు. ఆ తెలివి మీదే నాకు అనుమానం.

మీలో కొందరు నన్ను బాబాల గుట్టు విప్పిన సైన్సు మాస్టారుగా ఎరుగుదురు. కరీంనగర్‌లో హైస్కూలు పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ, సెలవు రోజుల్లో ఊరూరా తిరిగి "దేన్నీ నమ్మకండి, ప్రతిదాన్నీ అనుమానించండి" అని బల్ల గుద్ది చెప్పినవాణ్ణి. ఆ మాట ఇప్పుడూ వెనక్కి తీసుకోను. అయితే నాకు పేరు తెచ్చిన కేసు ఒకటుంది. దాని సంగతి చెప్పకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు.

జగిత్యాల ప్రాంతంలో ఒకప్పుడు బెదిరింపు ఉత్తరాలు తిరిగేవి. ఫలానా దేవుడి మహిమ ఇది, దీన్ని పదకొండు మందికి రాసి పంపకపోతే ఇంట్లో చావు తప్పదు అని ఉండేది. జనం వణికిపోయి రాసి పంపేవాళ్ళు. నేను ఆ ఉత్తరాలు మూటగా సేకరించి, వాటిలో మొదట పుట్టినవన్నీ ఒకే చేతిరాతలో ఉన్నాయని పట్టుకున్నాను. ఆ చేయి ఒక పూజాసామాను వ్యాపారిది. కరపత్రం వేశాను. వ్యాపారి దుకాణం మూసుకుని పోయాడు. ఆ రోజు నుంచి నాకొక సూత్రం ఏర్పడింది: పది ఉత్తరాలు, ఒకే చేతిరాత అయితే, వెనక ఒక దొంగ ఉన్నాడు. సూత్రం ఒకసారి పనిచేస్తే చాలు, మనిషి దానికి గుడి కట్టేస్తాడు. నేనూ కట్టాను. నాది సైన్సు గుడి అనుకున్నాను, అంతే తేడా.

తొంభైల మొదట్లో టీవీ వాళ్ళు ఒక అంతరిక్ష సీరియల్ తీస్తూ, శాస్త్ర సలహాదారుగా నన్ను డెప్యుటేషన్ మీద అడిగి తీసుకున్నారు. సీరియల్ పేరు చెప్పను. చెబితే అందులోని వాళ్ళందరూ తెలిసిపోతారు. కథ ఇది: నలుగురు మనుషులు ఎర్రటి గ్రహం మీద దిగుతారు. ఒక కెప్టెన్, ఒక ఇంజనీరు, ఒక వ్యవసాయ శాస్త్రవేత్త, ఒక డాక్టరమ్మ. తిరిగొచ్చే వాహనం చెడిపోతుంది. ఇక అక్కడే బతకాలి.

ఆ గ్రహం మా జిల్లాలోనే ఉండేది. బొగ్గు కోసం భూమిని తవ్వి, పైమట్టిని గుట్టలు గుట్టలుగా పోసిన చోట షూటింగ్. చెట్టు లేదు, పిట్ట లేదు, ఎటు చూసినా ఎర్రమట్టి. గనిలో పేలుడుకు ముందు సైరన్ మోగినప్పుడల్లా గ్రహం ఖాళీ చేసి జీపుల్లోకి పరుగెత్తేవాళ్ళం. మోటారుసైకిలు హెల్మెట్లకు వెండి రంగు పూశారు. అంతరిక్ష దుస్తులు పెద్దపల్లి దర్జీ రెయిన్‌కోటు గుడ్డతో కుట్టాడు. మే నెల ఎండలో వాటి లోపల మనిషి చెమటతో ఉడికేవాడు. కెప్టెన్ వేషం వేసినాయన ఊరూరా పౌరాణిక నాటకాలాడి వచ్చినవాడు. గురుత్వాకర్షణ సూత్రాన్ని కూడా పద్యం ఎత్తుకున్నట్టే చివర రాగం తీసేవాడు.

నా పని స్క్రిప్టు తనిఖీ. ప్రతి పేజీ చదివి, తప్పుంటే దిద్ది, కింద ఆకుపచ్చ సిరాతో "శాస్త్రీయంగా సరి" అని రాసి సంతకం పెట్టాలి. ప్రేక్షకుల ఉత్తరాలు విప్పి వారానికొక నోటు రాయడం కూడా నాకే అంటగట్టారు. నేను తనిఖీతో ఆగలేదు. పాఠాలు కలిపాను. డాక్టరమ్మ చెప్పులకంటిన ఎర్రదుమ్ము దులుపుకుంటే, దుమ్ము ఎందుకు ఎర్రగా ఉందో కెప్టెన్ చేత రెండు పేజీలు చెప్పించాను.

సీరియల్ రచయిత సన్నగా, మెత్తగా ఉండే మనిషి. ఉట్నూర్‌లో గిరిజన హాస్టల్ గుమాస్తా. జీతం లేని సెలవు పెట్టి రాయడానికి వచ్చాడు. సొంతూరు మెట్‌పల్లి పక్కన. నా పాఠాలు చూసి తల పట్టుకునేవాడు.

"సార్, గిట్ల ఎవరు మాట్లాడుకుంటరు? నలుగురు ఒక్క రూంల ఉన్నోళ్ళు, బువ్వ తినుకుంట ఇనుము తుప్పు గురించి ముచ్చట పెడ్తరా?"

"మీకు విజ్ఞానం కావాలా, పిట్టకథ కావాలా?" అనేవాణ్ణి.

"మనుషులు గావాలె సార్," అని గొణిగి వెళ్ళిపోయేవాడు.

పదమూడు వారాలు ఒక విడత. పదమూడు అయ్యాక, రెండో విడత ఇవ్వాలా వద్దా అని హైదరాబాదులో కమిటీ తేలుస్తుంది. మొదటి ఎనిమిది వారాల్లో ఉత్తరాలు గుప్పెడు కూడా రాలేదు. హుజూరాబాద్ నుంచి ఒకాయన "మా పోరగాండ్లకు పరీక్షలు అయిపోయినయి, టీవీల గుడ గీ పాఠం ఏంది" అని రాశాడు. మంథని నుంచి ఒక పెద్దాయన, అంగారకుడి మీద చెప్పులతో దిగడం తగదని రాశాడు. ఆయనకు నాలుగు పేజీల జవాబు రాశాను. నిజం చెప్పాలంటే ఆ విడతలో నేను అన్నిటికన్నా ఇష్టంగా చేసిన పని అదే.

తొమ్మిదో వారం మెట్‌పల్లి ముద్రతో కార్డులు మొదలయ్యాయి. ముందు ఆరు వచ్చాయి, మరుసటి వారం ఇరవై పైన. పదకొండో వారానికి మొత్తం అరవై రెండు. ప్రతి కార్డూ "సీరియలు మంచిగున్నది, బంద్ చేయకుండ్రి" అనే మాటతో మొదలవుతుంది. కింద పేర్లు వేరు, చేతిరాత ఒక్కటే. గుండ్రంగా, వరుస తప్పకుండా, అదే నీలం సిరా.

నా ఒళ్ళు జలదరించింది. భయంతో కాదు, సంతోషంతో. వేటకుక్కకు వాసన తగిలినట్టయింది.

అనుమానానికి ఆధారాలు వెతుక్కోవలసిన పని లేదు, అవే నడిచి వస్తాయి. సీరియల్ ఆగిపోతే నష్టపోయేది రచయిత. అతని సొంతూరు మెట్‌పల్లి పక్కన. అతని గదికి వెళితే బల్ల మీద ఖాళీ పోస్టుకార్డుల కట్ట కనిపించింది, దారంతో కట్టి ఉంది. ఇంకేం కావాలి? అతని చేతిరాత మాత్రం కార్డుల మీది రాతతో కలవలేదు. అతనిది కోడి గెలికిన రాత. ఆగాలి కదా అక్కడ? ఆగలేదు. దొంగ తన చేత్తో తాను ఎందుకు రాస్తాడు, ఎవరి చేతో రాయించి ఉంటాడు అనుకున్నాను. కోరిక తీరితే బాబా మహిమ, తీరకపోతే భక్తుడి భక్తి చాలలేదు అనేవాళ్ళను ఎన్ని సభల్లో ఎగతాళి చేశానో లెక్కలేదు. రాత కలిస్తే అతను దొంగ, కలవకపోతే గడుసు దొంగ అని నేను తీర్మానించాను. ఈ రెండు వాదాల మధ్య తేడా ఏమిటో మీలో ఎవరైనా చెప్పగలిగితే నాకు ఉత్తరం రాయండి.

అతన్ని ఒక్క మాట అడగలేదు. నేరుగా నోటు రాశాను: "పై కార్డులన్నీ చదివి పరిశీలించాను. ఇవి ఒకే వ్యక్తి చేత రాయించిన నకిలీ ఉత్తరాలు. ప్రయోజనం పొందేది రచయిత ఒక్కరే." ఆకుపచ్చ సంతకం.

మా అధికారి హైదరాబాదు ఆమె, అందరం మేడం అనేవాళ్ళం. నోటు రెండుసార్లు చదివింది.

"మెట్‌పల్లి పోయొచ్చిండ్రా మీరు?"

"అవసరం లేదు మేడం. చేతిరాతే సాక్ష్యం."

"సాక్ష్యమైతె గా చెయ్యి ఎవరిదో గుడ జెప్పాలె గద. కమిటీ అడిగితే నేనేం జెప్పాలె? ఒక చెయ్యి ఉన్నది, దానికి మనిషి లేడని జెప్పాల్నా?" అంటూనే రచయితను పిలిపించి నోటు అతని ముందు పెట్టింది.

అతను నిలబడే చదివాడు. ముఖం పాలిపోయింది. ఎందుకో నాకు తెలుసు. ప్రభుత్వ ఉద్యోగి దొంగ ఉత్తరాలు పుట్టించాడని కమిటీ రాస్తే, సీరియల్ సంగతి అటుంచి, ఉట్నూర్‌లో ఉన్న గుమాస్తా కొలువు కూడా పోతుంది. ఇంట్లో తినేవాళ్ళు ఆరుగురు.

"ఆ పోస్టుకార్డుల కట్ట ఎందుకు?" అని నేనే అడిగాను, వకీలు మాదిరి.

అతను జేబులోంచి నాలుగు కార్డులు తీసి బల్ల మీద పరిచాడు. ఒక్కో కార్డు మీద ఒక్కో సీను, కోడి గెలికిన రాతలో. "సీనుకొక కార్డు రాసుకుంట సార్. కార్డు నిండితె సీను అయిపోవాలె. జేబుల పెట్టుకోని తిరుగుత. మీ పాఠాలు మాత్రం కార్డుల పట్టవు."

మేడం నవ్వు ఆపుకుంది. నేను నవ్వలేదు. ముందే కట్టుకున్న జవాబు అనుకున్నాను. అతను ఇంకేమీ వాదించలేదు. ఆ మధ్యాహ్నమే పెట్టె సర్దుకుని ఉట్నూర్ బస్సెక్కాడు. పారిపోయాడు చూడండి, ఇదొక సాక్ష్యం అని డైరీలో రాసుకున్నాను. ఆ డైరీ ఇప్పటికీ ఉంది. అప్పుడప్పుడు తీసి చదువుకుంటాను, చేదు మందు తాగినట్టు.

కమిటీకి ఐదు రోజులుందనగా ఆ చెయ్యి ఎవరిదో పట్టుకోవడానికి మెట్‌పల్లి బయల్దేరాను. కార్డులన్నీ సంచిలో ఉన్నాయి. పోస్టాఫీసు దగ్గర ఒక పోస్టుమాన్‌కు ఒకటి చూపించాను. అతను చేతిరాత చూసీ చూడగానే, "గిది ఉత్తరాలక్కది గద! బీడీల కార్ఖాన ఎనుక గల్లి. దుబాయ్, మస్కట్ పోయే ఉత్తరాలన్ని గామె చేతులకెళ్ళే పోతయి," అన్నాడు. ఇంత తేలిగ్గా దొరికేసరికి అది కూడా అనుమానంగానే తోచింది.

ఆ వీధిలో ఇంటికొక మగవాడు గల్ఫ్‌లో ఉన్నాడు. ఆడవాళ్ళు పొద్దంతా బీడీలు చుడతారు. పెద్ద వరండా ఉన్న ఒక ఇంట్లో పదిహేను మంది దాకా చాటలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆకు కత్తిరించడం, పొగాకు నింపడం, చుట్టడం, దారం కట్టడం, చేతులు వాటంతట అవే నడుస్తున్నాయి. గదిలో దుబాయ్ నుంచి వచ్చిన పెద్ద టీవీ, మీద పూల గుడ్డ. గోడకు శిలువ బొమ్మ, పక్కనే గూట్లో బైబిలు. మతం, ఉత్తరాలు, టీవీ ఒకే గదిలో! నా అనుమానం రెండింతలైంది.

"టీవీలు ఎట్లా పనిచేస్తున్నాయో సర్వే చేస్తున్నాం," అన్నాను. జీవితమంతా అబద్ధాల మీద యుద్ధం చేసినవాడు గడపలో అడుగుపెడుతూనే చెప్పిన మాట అది.

గడప దగ్గరి ముసలమ్మ చాటలోంచి తల ఎత్తలేదు. "మా టీవీ మంచిగనే ఉన్నది సారూ. మీకేమన్న ఖరాబయిందా?"

అందరూ నవ్వారు. నలభై ఏళ్ళ ఒకావిడ లేచి పీట వేసింది. ఆమే ఉత్తరాలక్క. మిషన్ స్కూల్లో ఏడు దాకా చదివిందట. నేను పీట మీద కూర్చుని వల విసిరాను.

"మంగళవారం అంతరిక్ష సీరియల్ చూస్తారా?"

"గ్రహం మీదోళ్ళదా? సూడకుంటె ఎట్ల?" అంది ముసలమ్మ.

"అయితే నాలుగో వారం ఇంజనీరుకు ఏమైంది?" చూడకుండా రాసినవాళ్ళు ఇక్కడ దొరికిపోతారని నా లెక్క.

"కాలిరిగింది. కుడికాలు," అంది ముసలమ్మ. "ఐదో వారం ఎడమకాలుతోటి కుంటిండు. ఒక్క వారంల నొప్పి గీ కాలుకెళ్ళి గా కాలుకు పోయిందా సారూ?"

వరండా అంతా గొల్లుమంది. ఆ సంగతి షూటింగ్‌లో ఎవరమూ గమనించలేదు.

ముసలమ్మ ఇప్పుడు తల ఎత్తింది. "ఇంగొకటి. గా గ్రహం మీద గాలి లేదని కెప్టెన్ సారు పాట పాడి మరీ జెప్పిండు గద. మరి ఏడో వారం డాక్టరమ్మ బయట రాయి మీద నిలవడి దివిటీ ఎట్ల ముట్టిచ్చింది?"

నేను సర్వే కాగితం వెతుకుతున్నట్టు సంచిలో చేయి పెట్టాను.

"గిది సూడు," అని ఒక బీడీ నా ముందు పెట్టింది. "జర గట్టిగ చుడ్తె గిది గుడ మండది, సేటు వాపస్ పంపుతడు. లోపట గాలి ఆడాలె. గాలే లేనికాడ గంత పెద్ద మంటెట్ల లేచె?"

ఆ పేజీ మీద "శాస్త్రీయంగా సరి" అని ఆకుపచ్చ సిరాతో రాసింది నేను. గురుత్వాకర్షణ అంకెలు దిద్దుతూ కూర్చుని, మంటను చూడలేదు. ఇరవై ఏళ్ళు పిల్లలకు గ్లాసు బోర్లించి కొవ్వొత్తి ఆరిపోవడం చూపించిన చేతులివి.

"ఈ సంగతి ఎవరికైనా చెప్పారా?" అన్నాను.

"రాసినం గద సారూ," అంది ఉత్తరాలక్క. "సదవలేదా?"

నా ఉద్యోగ జీవితంలో నన్ను ఇంతకన్నా చిన్న మాటతో ఇంత గట్టిగా కొట్టినవాళ్ళు లేరు. సంచిలోంచి కార్డులు తీశాను. సర్వే అబద్ధం అప్పుడే పోయింది. చిరునామా, ముద్ర, సిరా, అక్షరాల వంపు అన్నీ భూతద్దం పెట్టి చూసిన కార్డులవి. వాటిలో నేను చదివింది మొదటి వాక్యం ఒక్కటే. అన్నిటిలో అదే ఉంది కాబట్టి మిగతాదీ అదే అనుకున్నాను. ఇప్పుడు చదివాను. ఒక్కోదాంట్లో ఒక్కో ప్రశ్న. దివిటీ ఉంది. కుంటి కాలు ఉంది. "నెలలు గడుస్తున్నయి, ఇంజనీరు గడ్డం ఎందుకు పెరుగుతలేదు." "కెప్టెన్ సారు మాట్లాడుతుంటె తతిమ్మా ముగ్గురు ఏం జేస్తరు, ఊకెనే నిలవడ్తరా."

"మరి అన్ని కార్డులూ ఒకే మాటతో ఎందుకు మొదలుపెట్టారమ్మా?"

ఉత్తరాలక్క నన్ను జాలిగా చూసింది. "ఉత్తరమంటె ముందుగాల క్షేమం రాస్తం గద సారూ. ఇక్కడ మేమంత క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తం, గట్ల. టీవోళ్ళకు క్షేమం ఏమని రాయాలె? మంచిగున్నది, బంద్ చేయకుండ్రి అని రాసినం. అసలు ముచ్చట గా తర్వాత మొదలైతది."

"ఇంతమంది మాటా మీరే రాశారా?"

"వాళ్ళు జెప్పింది జెప్పినట్టే రాస్త. నా మాట ఒక్కటి కలపను. కలిపితె మొగుడు పెండ్లాలకు లొల్లి అయితది, పాపం నాకు తగుల్తది."

"రచయితను ఎరుగుదురా? ఈ ప్రాంతం మనిషే."

"అవునా! మా దిక్కోడేనా?" అని ముసలమ్మ ఆశ్చర్యపోయింది. "గట్లయితె కాలు ముచ్చట ఎందుకు మర్శిండు!"

పక్కన పసిపిల్లను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని బీడీలు కడుతున్న ఒక అమ్మాయి అంతదాకా మాట్లాడలేదు. అప్పుడంది: "మా ఆయన గుడ గట్లనే నలుగురితోటి ఒక రూంల ఉంటడు సారూ. బయటంత ఇసుకేనట, నీళ్ళు గుడ కొనుక్కుంటరట. ఉత్తరం వచ్చెవరకు పదిహేను దినాలు. గా డాక్టరమ్మ పోయి గిన్ని దినాలాయె, ఇంటికి ఒక్క ముచ్చట జెప్పలె. ఆమె అవ్వ పరేషాన్ కాదా?"

కార్డులు మళ్ళీ తిరగేశాను. ఈ ప్రశ్న పంతొమ్మిది కార్డుల్లో ఉంది. ఇంట్లోవాళ్ళకు ఎవరు చెబుతున్నారు? వాళ్ళ మాట ఎట్లా వస్తుంది? రచయిత మొదటి నుంచి అడిగింది ఇదే. మనుషులు కావాలన్నాడు. నేను అడ్డంగా నిలబడి ఇనుము తుప్పు గురించి చెప్పించాను.

"సారూ, అక్కడ్నుంచి మాట రావాల్నంటె ఎంతసేపు పడ్తది?" అని ఉత్తరాలక్క అడిగింది.

"రేడియోలో అయితే దగ్గరగా ఉన్నప్పుడు నాలుగు నిమిషాలు. దూరం పోయినప్పుడు ఇరవై."

"ఇరవై నిమిషాలేనా! దుబాయ్ కంటె నయమే గద!" అని ముసలమ్మ అంటే మళ్ళీ నవ్వులు. ఆ నవ్వుల్లో ఉత్తరాలక్క కలవలేదు. మాట కలపడానికి, "మీ ఇంటాయనకూ మీరే రాసుకుంటారా?" అన్నాను.

"నాకు రాసెతందుకు అడ్రసు లేదు సారూ. ఆరేండ్లాయె."

ముసలమ్మ వెంటనే చాట చప్పుడు చేసి, "చాయ్ పెట్టవే సారుకు," అంది.

కమిటీ రోజున నోటు, కార్డులు రెండూ బల్ల మీద ఉన్నాయి. కార్డులు నేనే చదివాను. దివిటీ కార్డు దగ్గర సభ్యులు నావైపు చూశారు. కమిటీ పెద్దాయన అడిగాడు: "ఇంతకూ మీ నోటు నిజమా, ఈ కార్డులా?"

"కార్డులు నిజం. నోటు అబద్ధం."

"పొరపాటు అనండి. అబద్ధమని ఎందుకు?"

ఆయన నాకు దారి చూపిస్తున్నాడు. పొరపాటు అంటే ఒక మందలింపుతో పోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ నోటులో "చదివి పరిశీలించాను" అని ఉంది.

"చదవకుండానే చదివానని రాశాను. అది అబద్ధమే," అన్నాను.

నా సర్వీసు రికార్డులో ఒక చెడ్డ మాట చేరింది. స్క్రిప్టులో ఒక్క మాట కూడా కలపకూడదని, తనిఖీ మాత్రమే చేయాలని ఆర్డరు ఇచ్చారు. రచయిత మీద మచ్చ లేదని రాశారు. రెండో విడత ఇచ్చారు. బయటికొచ్చాక మేడం, "నోటు రాసింది మీరు, మనిషిని తోలుకొచ్చుడు గుడ మీదే," అంది.

ఉట్నూర్‌లో హాస్టల్ ఆఫీసు. అతను బల్ల వెనక కూర్చుని ఉన్నాడు. లేవలేదు, కూర్చోమనలేదు. నేను చెప్పవలసింది చెప్పి, కార్డుల కట్ట ముందుంచాను.

"మీరు ఒక్క మాట అడిగుంటె అయిపోయేది సార్," అన్నాడు. "బాబాల కాడికి పోయి గుడ ముందు అడుగుతరట గద మీరు, మహిమ సూపియ్యిమని. నాకు గా ఛాన్సు గుడ ఇయ్యలె."

అతను కార్డులు చదవడం మొదలుపెట్టాడు. గంట పట్టింది. కుంటి కాలు దగ్గర ఒకసారి పెద్దగా నవ్వాడు. పంతొమ్మిది కార్డులు విడిగా తీసి జేబులో పెట్టుకున్నాడు.

"వస్త. ఒక్క షరతు. మీ నోటు కాపీ నాకు గావాలె."

కోర్టుకు పోతాడనుకున్నాను. అయినా ఇచ్చాను.

రెండో విడతలో కెప్టెన్ చేత తక్కువ మాట్లాడించాడు. ఆయన వారం రోజులు అలిగాడు. డాక్టరమ్మ మొదటిసారి ఇంటికి మాట పంపింది. ఆ మాట చేరే లోపల ఇక్కడేం జరుగుతుంది, అక్కడేం జరుగుతుంది అన్నదే కథ అయింది. ఇరవై నిమిషాల ఆలస్యం అనే ఒకే ఒక్క శాస్త్ర విషయం మీద పదమూడు వారాలు నడిపాడు. నా పాఠాలన్నీ కలిపి చేయలేనిది ఆ ఒక్క అంకె చేసింది. ఆదిలాబాద్ నుంచి, నిర్మల్ నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో ఉత్తరాలు రకరకాల చేతిరాతల్లో వచ్చాయి. అన్నీ చివరిదాకా చదివాను.

మూడో విడతలో గ్రహం మీదికి ఐదో మనిషి దిగాడు. తనిఖీ అధికారి. ఎవరేం చేసినా వెనక నిలబడి చూస్తాడు, దేన్నీ నమ్మడు, భూతద్దం పెట్టి కాలి ముద్రలు కొలుస్తాడు, కొలిచిన ముద్రలు తనవేనని చివర తేలుతుంది. అతని మొదటి డైలాగు: "అన్నీ చదివి పరిశీలించాను." నా నోటులోని మాటే. స్క్రిప్టు తనిఖీకి నా దగ్గరికే వచ్చింది. శాస్త్రీయంగా తప్పు ఏమీ కనిపించలేదు. సంతకం పెట్టాను. మెట్‌పల్లి నుంచి కార్డు వచ్చింది: "మంచిగున్నది, బంద్ చేయకుండ్రి. గా తనిఖీ సారును జర ఎక్కువ సూపియ్యిండ్రి. మస్తు నవ్వొస్తుంది."

సీరియల్ ముగుస్తోందని తెలిశాక, అదే గుండ్రటి రాతలో ఒక కార్డు వచ్చింది. కింద పేరు ఈసారి ఉత్తరాలక్కదే. అలవాటు చావదు కదా, ముందు ముద్ర చూశాను. రచయిత ఏదైనా ఆట ఆడుతున్నాడేమోనని కూడా ఒక క్షణం అనుకున్నాను. తర్వాత చదివాను.

"మీరంత క్షేమమని తలుస్త. గిన్ని దినాలు అందరి మాట రాసిన. గిది నా మాట. డాక్టరమ్మ వాపస్ వచ్చినట్టు సూపియ్యకుండ్రి, అబద్ధమనిపిస్తది. రాదని గుడ సూపియ్యకుండ్రి. ఆమె మాట్లాడుతనే ఉన్నదని సూపియ్యిండ్రి. ఇరవై నిమిషాలు మేం కూసుంటం."

కార్డు తీసుకెళ్ళి రచయితకు ఇచ్చాను. చదివి జేబులో పెట్టుకున్నాడు. మూడు రోజుల తర్వాత చివరి వారం స్క్రిప్టు నా బల్ల మీద పెట్టాడు. డాక్టరమ్మ రేడియో ముందు కూర్చుని ఇంటికి మాట్లాడుతుంది. మాట పూర్తవుతుంది. ఇక్కడ ఇంట్లో వాళ్ళ అమ్మ రేడియో పక్కన వచ్చి కూర్చుంటుంది. గోడ గడియారం. ఆ కింద పేజీ ఖాళీ.

"ఇరవై నిమిషాలు సరేనా సార్?"

"సరే."

"కింద జాగ ఉన్నది. పాఠమేమన్న పెడ్తరా?"

"వద్దు."

అతను పేజీ వైపు చూశాడు, నావైపు చూశాడు. మూడు విడతలు పక్కపక్కనే పనిచేసినా, ఉట్నూర్ తర్వాత అతను నాతో పనికి మించి మాట్లాడింది లేదు. అప్పుడు అడిగాడు: "మొత్తం సదివిండ్రా?"

"చదివాను," అన్నాను. అని, పెన్ను మూత పెట్టి, మొదటి పేజీకి వెళ్ళి మళ్ళీ చదివాను. అతను నిలబడే ఉన్నాడు. చివరి పేజీ దాకా వచ్చాకే మూత తీశాను.